వాకిలి ఊడ్చుకోని గ్రహం

అటకామా ఎడారి పొడవునా ఏడు టెలిస్కోపులు.
చిట్టచివరిది నాది.
నికనోరా కోల్కే లామాల దొడ్డిలో
ఉప్పు పొంగి తెల్లబడ్డ నేల మీద
మూడు కాళ్ల కింద మూడు పలకరాళ్లు పెట్టి నిలబెట్టాను.

ఊరి పేరు సోక్తూర్. ఏడిళ్లు.
మొన్నటి లెక్కల్లో ఆ పేరు కొట్టేశారట.
యాభై మందైనా లేనిది ఊరెలా అవుతుందన్నాడట
కలామా నుంచి జీపులో వచ్చిన కుర్రాడు.
"నీళ్లడిగాడు, ఇచ్చాను.
తాగాడు. లేమని రాసుకుని పోయాడు."

నేనొచ్చిన పని చెప్పాను.
నెప్ట్యూన్‌కి అవతల, సూర్యుడు కూడా
ఒక చుక్కగా మాత్రమే కనిపించే చలిలో
ఒక మరుగుజ్జు గ్రహం.
పేరింకా పెట్టలేదు, ఒక అంకె ఉంది.
ఒక్క ఏడాది గడవడానికి దానికి
మన ఐదువందల అరవై ఏళ్లు కావాలి.
ఈ తెల్లవారుజామున మూడూ నలభై ఒకటికి
అదొక నక్షత్రానికి అడ్డొస్తుంది.
దాని నీడ ఈ ఎడారిని దాటుతుంది.
పట్టుకీ విడుపుకీ మధ్య ఎన్ని సెకన్లో లెక్కపెడితే
అదెంత లావో తెలుస్తుంది.
అదేమో కనపడదు.
అది దాచింది కనపడకపోవడమే
మనకి కనపడుతుంది.

మరుగుజ్జు.
ఆ మాట మొదట్లోనే మరుగు ఉంది.

"మరి గ్రహం ఎందుకు కాదు?"
గుండ్రంగా ఉండాలి, ఉంది.
సూర్యుడి చుట్టూ తిరగాలి, తిరుగుతోంది.
తన దారి తాను ఊడ్చుకోవాలి. ఊడ్చుకోలేదు.
చుట్టుపక్కల రాళ్లూ మంచుగడ్డలూ ఎక్కడివక్కడే ఉన్నాయి.

నికనోరా లేచి తలుపు మూలనుంచి చీపురు తెచ్చింది.
ఎండు రెమ్మలు, రాగితీగతో బిగించినవి,
ఒక పక్కకి అరిగి వంకర తిరిగినవి.
"అరవై ఏళ్లు ఊడ్చానిక్కడ.
మధ్యాహ్నం గాలి లేస్తుంది,
పొద్దున పారబోసిందంతా తిరిగి గడపలో పోస్తుంది.
ఆ రూలు రాసినాయన్ని
ఒక్క వారం వచ్చి ఊడ్చమను."

మూడున్నర. సున్నాకి తొమ్మిది కింద.
బ్యాటరీ చలికి చచ్చిపోతుంటే
తన భుజం మీది ఉన్ని దుప్పటి తీసి దానికి చుట్టింది.
తెర మీద బియ్యపు నూకంత వెలుగు,
సెకనుకి పది ఫొటోలు.
లామాలు ఒకదాన్నొకటి ఆనుకుని
మా వైపు చూడకుండా నమిలాయి.

నలభై.
నలభై ఒకటి.
ఊపిరి బిగబట్టాను, నా ఆవిరి అద్దానికి తగలకూడదని.
నలభై రెండు.
నలభై మూడు.

"పోయిందా?"
లేదు. వెలుగుతూనే ఉంది.
"మంచిదేగా, పిల్లా."

రెండేళ్ల అర్జీలు, ఆరు వందల కిలోమీటర్ల మట్టిరోడ్డు,
అరువు తెచ్చిన కెమెరా.
పట్టే లేనిదానికి విడుపేమిటి?
వేళ్లు కొంకర్లు పోయి మరమేకు ఒకటి ఇసుకలో పడేశాను.
దాన్ని వెతికే నెపంతో చాలాసేపు వంగే ఉన్నాను.

మూడో రోజు మా ప్రొఫెసర్ ఫోన్ చేశారు.
నాలుగో చోట ముప్పై తొమ్మిది సెకన్లు,
ఐదో చోట ముప్పై నాలుగు,
ఆరో చోట పన్నెండు.
"నీ సున్నా లేకపోతే, ఇస్మేనియా,
అంచు ఎక్కడ ఆగిందో చచ్చినా తెలిసేది కాదు."
కాగితం మీద వంపు గీసి చూపించారు తర్వాత.
కోలగా, కాస్త నొక్కినట్టు.
నా గీత దాన్ని తాకకుండా
పక్కనుంచి, గోరంత ఎడంగా పోయింది.

నికనోరాకి చెబుదామని పక్కూరి పోస్టాఫీసుకి ఫోన్ చేశాను.
ఆవిణ్ణి పిలుచుకురావడానికి రెండు గంటలు.
పత్రికలో అచ్చయ్యే పట్టిక చదివాను:
స్థలం, సోక్తూర్. అక్షాంశం, రేఖాంశం, ఎత్తు.
ఫలితం, సున్నా.

"పేరు సరిగ్గానే రాశారా?"
సరిగ్గానే.
తీగలో గాలి హోరు కాసేపు.
"సర్లే.
ఆ బ్యాటరీతో పాటు నా దుప్పటి కూడా పట్టుకుపోయావు,
అదెప్పుడు తెస్తావు?"