కదలకే తల్లీ

ఇన్వర్‌కార్గిల్ ఆసుపత్రి, రెండో అంతస్తు.
బయట జూలై చలి, కిటికీ మీద వడగళ్ల చిటపట.
లోపల బల్ల మీద బోర్లా నేను,
కడుపు కింద దిండు,
ముడి విప్పిన గౌను.

ఎవరికీ వెన్ను చూపకూడదని పెంచాడు మా నాన్న.
ఇవాళ చూపించడానికే
నెలన్నర ముందు పేరు రాయించుకుని వచ్చాను.

ఇరవై ఆరేళ్లు గొర్రెల ఉన్ని తీశాను.
రోజుకి రెండొందల ఎనభై,
కత్తి మాట వింటే మూడొందలు.
నడుము వంచానంటే టీ గంట మోగేదాకా ఎత్తేదాన్ని కాదు.
నాలుగో పూసకీ ఐదో పూసకీ నడుమ
మెత్తనిదేదో పొంగి నరం మీద కూర్చుందన్నాడు
డాక్టర్ పెటెలో.
వెన్నుపూస అంటారు గానీ,
నాది వెన్నపూసే అయ్యుంటుంది,
ఏ షెడ్డులోనో ఎప్పుడో కరిగింది.

"చల్లగా ఉంటుంది" అన్నాడు. ఉంది.
"కొంచెం చురుక్కుమంటుంది" అన్నాడు.
కొంచెం అనే మాటకి
ఆసుపత్రుల్లో వేరే కొలత.

తర్వాత వచ్చింది పోటు కాదు, బరువు.
ఎవరో బొటనవేలు పెట్టి
ఎముకల సందులో తలుపు వెతుకుతున్నట్టు.
ఆ తలుపు తెరుచుకుంది.
పిర్రలోంచి తొడ వెనక్కి, పిక్కకి,
కాలి బొటనవేలి గోరు దాకా
ఒక్క మెరుపు.

"ఇది కొత్త నొప్పా, మీకు తెలిసిన నొప్పేనా?"

తెలిసినదే.
నాతో ట్రక్కెక్కుతుంది, నా పక్కలోనే పడుకుంటుంది,
పోయిన చలికాలమంతా మేజోళ్లు తొడుక్కోనివ్వలేదు.
ఇంత దగ్గరికొచ్చి పేరు పెట్టి పిలవడం మాత్రం
ఇదే మొదలు.

"అయితే సరైన చోటే ఉన్నాం" అన్నాడు సంతోషంగా.
"కదలకండి."

ఆ మాట నాది.
లక్షసార్లు అని ఉంటాను, మోకాళ్ల మధ్య నొక్కిపట్టి,
కదలకే తల్లీ, అయిపోయింది, అయిపోయింది.
అయిపోయేది కాదు.

పంటి బిగువున లెక్క మొదలుపెట్టాను, పనిలో వరసగానే:
ముందు పొట్ట,
ఎడమ వెనక కాలు,
నడినెత్తి, మెడ, భుజం,
ఆ తర్వాత పొడుగు కోత.
తోక నుంచి తల దాకా వెన్ను పక్కనే,
ఒక్కో పూసా కత్తి కింద తెలుస్తుంది.

అక్కడ ఆగిపోయాను.
మాస్‌బర్న్‌లో ఒక ముసలి గొర్రె.
నా చెయ్యి జారి అరచేతంత తోలు లేచింది.
పెద్ద సూది, దారం. మందేమీ లేదు.
ఆరు కుట్లు వేసి వదిలాను, తర్వాతదాన్ని లాక్కున్నాను.
అది అరవలేదు.
గొర్రెలకి నొప్పి తెలియదని ఎవరో అన్నారు,
నమ్మడం తేలికగా ఉండింది.

ఇంకొకటి కూడా గుర్తొచ్చింది.
కాలికి ఆనిక దొరికినంతసేపే గొర్రె తన్నుతుంది.
సరిగ్గా పట్టుకుంటే, ఒక క్షణంలో,
ఒళ్లంతా వదిలేసి
తడిసిన కోటులా నీ మీద వాలుతుంది.
భయం పోయి కాదు.
తన బరువు ఇంకొకరు మోస్తున్నారని.

నర్సు మెరెఆనా నా మడమ పట్టుకుంది.
అడగలేదు నేను. పిసకలేదు తను.
గట్టిగా, పనివాళ్లు పట్టుకున్నట్టు.

వదిలేశాను.
దవడ, భుజాలు, పిడికిళ్లు,
ఒకదాని వెనక ఒకటి.
నొప్పి తగ్గలేదు.
కాకపోతే దాంతో పెనుగులాడేది లోపల ఎవరూ లేరు.

మందు చల్లగా దిగింది.

అరగంట కుర్చీ. అల్లం బిస్కెట్టు.
కుడికాలు ఎవరిదో అరువు తెచ్చినట్టుంది.
పది రోజులు ఆగాలట. పనిచేయొచ్చు,
చేయకపోనూ వచ్చు.

కారు నడుపుతూ నైరీ అడిగింది, ఎలా ఉండిందని.
రోడ్డు పక్క మళ్లలో, వడగళ్లలో,
అప్పుడే ఉన్ని తీసిన గొర్రెలు
గాలికి వీపు తిప్పి నిలబడి ఉన్నాయి.

"కొంచెం చురుక్కుమంది" అన్నాను.