గోరంత జాగా

పాలకొల్లు బస్టాండు వెనక, గాజుల కొట్టు మీద
మేడగదిలో మూడు కుర్చీలు, ఒక దీపప్పెట్టె.
నఫీసక్క నాకిచ్చిన మొదటి చెయ్యి ప్లాస్టిక్కుది.
మర వదులైతే వేలు టక్కున ఊడి
కుర్చీ కిందికి దొర్లుతుంది.
"పట్టుకో సువార్తా, కస్టమరు వేలైతే పారిపోదులే" అంది.

ముందు కాగితం అచ్చు గోరు కిందికి తోయాలి.
సందు ఉండకూడదు, చర్మం నొక్కుకోకూడదు.
ఆపైన జెల్. తాటిబెల్లం పాకం
దించే ముందు ఉంటుందే, అంత చిక్కన.
కుంచె కొనకి పెసరగింజంత ఎత్తి
అది ఎటు పోదామనుకుంటుందో చూసి
అటు పోనివ్వకుండా ఆపాలి.

నాకు తియ్యడం వచ్చు. పెట్టడం రాదు.
నాలుగేళ్లు రొయ్యల షెడ్డులో
తల తుంచి, పొట్టు ఒలిచి, నరం లాగి
కేజీకి ఇంతని లెక్క.
ఐసునీళ్లలో నానిన నా వేళ్ల కొనలు
ఇప్పటికీ ఉడికిన వెల్లుల్లి రెబ్బలే.
మొదటి వారం నేను పెట్టిన ప్రతి రేకునీ
నేనే పీకేశాను.

పువ్వుల జెల్ వేరు. అది పారదు,
మైదాముద్దలా పెట్టినచోటే కూర్చుంటుంది.
కుంచెని స్పిరిట్‌లో తడిపి నడుమ నొక్కితే గుంట,
అంచు పైకి లాగితే రేకు.
ఒక్కో రేకుకీ పది సెకన్లు ఊదా వెలుతురు.
ఆ తర్వాత అది నా మాట వినదు.
లోపల గోరు చురుక్కుమంటుంది,
ముందు నీ గోటి మీదే పెట్టుకో, అంది అక్క,
ఎదుటివాళ్లకి ఎంత మంటో తెలియాలి గదా.

ఒకరోజు కిటికీ పక్కన డబ్బా మూత మరిచాను.
ఎండకీ బిగుస్తుందని నాకేం తెలుసు?
తొమ్మిదొందల జెల్ రాయైపోయింది.
అక్క తిట్టలేదు. ఆ రాయిని
బల్ల మీద నా ఎదురుగా పెట్టింది, నెలంతా.

అందరూ గులాబీతో మొదలెడతారు.
నాది క్యాబేజీ అయింది.
రోజూ లాకుల దగ్గర బస్సాగినప్పుడు
కాలవ నిండా గుర్రపుడెక్క పూసి ఉండేది.
ఎవరూ కొయ్యరు, ఎవరూ తల్లో పెట్టరు,
పొక్లెయిను తెచ్చి గట్టు మీద గుట్ట పోస్తారు.
ఆరు రేకులు. పై రేకు మీద
నీలంలో పసుప్పచ్చ కన్ను.
దాన్ని చేశాను. పదకొండోసారికి నిలబడింది.

చెరువుల మోహనరావుగారి కోడలు
ఉంగరం వేలు దీపం వైపు తిప్పి అడిగింది:
"ఇదేంటి, ఆర్కిడ్డా?"
"ఆయ్, అలాంటిదేనండి."

అమ్మ ఇంకా షెడ్డులోనే.
ఆదివారం ప్రార్థన అయ్యాక వచ్చి
చిటికెన వేలు ఒక్కటే చాపింది.
"ఒక్కటి చాలే, నవ్వుతారు."
నలభై నిమిషాలు. వేడికి కూడా కదల్లేదు.
ఐసుకి పోయిన స్పర్శ అది, ఓపిక కాదు.

ఇంటికెళ్లేదాకా ఆ వేలు
కొంగులో దాచుకుందో, కొంగు మీద పెట్టుకుందో
నాకు అర్థం కాలేదు.

సోమవారం గేటు దగ్గర గోళ్లు చూస్తారు.
పెరిగిన గోరుంటే ఆ పూట కూలి లేదు.
ఈ జెల్ దేనికీ కరగదు, అరగదియ్యాల్సిందే.
రాత్రి లైటు కింద ఆకురాయి పెట్టి రుద్దుతుంటే
ఊదారంగు పొడి అన్నం పళ్లెం అంచుకి చేరింది.
అమ్మ పువ్వు పోవడం చూస్తూ అంది:
"రేకు మందమైందే. ఎండిపోయిన బిళ్లలా ఉంది."
నాకు ఒళ్లు మండింది.
"అంత బాగా తెలిస్తే నువ్వే చెయ్యి."

మర్నాడు సాయంత్రం కొంగుముడి విప్పింది.
డబ్బులనుకున్నాను.
కడిగి, తుడిచి, ఆరబెట్టిన రొయ్య తోకలు ఐదు,
ఒక్కోటీ విసనకర్రలా విచ్చుకుని.
ఒకదాన్ని లైటుకి అడ్డం పెట్టింది.
వెనకున్న తన వేలు కనిపించింది.
"ఇదుగో. ఇంత పలచన."