పండరి దొరకి ఒన్స్ మోర్

మా అవ్వ చెంచమ్మ వేళ్ళ చివర్లు
చచ్చేదాకా మెరుస్తానే ఉన్నాయి.
పదకొండో ఏట గూడూరు అభ్రకం షెడ్డులో కూర్చుంది,
కొడవలి మొనతో రేకు మీంచి రేకు ఒలిచింది.
ఉల్లిపొర మాదిరే, అనేది,
కన్నీళ్ళు రావు, దగ్గొస్తాది, అంతే తేడా.

ఆ షెడ్డుకి లెక్కలు రాసే ముసలాయన
పేరు పాందెలీ.
నోరు తిరగని మా వాళ్ళు పండరి దొర అన్నారు.
దొరలు మాత్రం ఆయన్ని దొరల్లో కలుపుకోలేదు.
క్లబ్బులో కుర్చీ వెయ్యలేదు,
శిలువ గుర్తు తిరగేసి వేసుకుంటాడని నవ్వుకున్నారు.
అరవం సగం కలిసిన తెలుగులో
ఆయనే చెప్పుకున్నాడు, మాది సముద్రం పక్క, అని.
మాదీ అంతే, అన్నారు
దుగరాజపట్నం నుంచి వచ్చిన కూలీలు.

సైదాపురంలో వీధి నాటకం.
కోత అయిపోయిన కయ్యలో పందిరి, రెండు కాగడాలు,
ఇద్దరు మనుషులు పట్టుకున్న పంచే తెర.
తెర పైన రాణి కిరీటం కనపడతా ఉంటే
తెర కింద రాణి పిక్కలు, నిండా వెంట్రుకలు.
షెడ్డులో ఊడ్చి పారేసిన అభ్రకం ముక్కల్ని
చింతగింజల జిగురుతో అతికి
ఆ కిరీటం చేసింది మా అవ్వే.

పండరి దొర ఖాళీ పెట్టె మీద కూర్చుని చూశాడు.
రాణి వేషం కట్టిన మస్తానయ్యని చూసి
నవ్వాడు, ఎంతకీ ఆపలేదు,
తర్వాత జేబులోంచి రుమాలు తీశాడు.

మర్నాడు తూకాల దగ్గర చెప్పాడంట.
వాళ్ళ తాత పదిహేనేళ్ళప్పుడు
నల్ల సముద్రం ఒడ్డున, ఒడెస్సా అనే పరాయి రేవులో,
గోధుమల గిడ్డంగిలో రాణి వేషం కట్టాడంట.
పగలు బస్తాలు లెక్కపెట్టే గుమాస్తాలే
రాత్రి వేషగాళ్ళు. చిరిగిన తెరచాపే తెర.
మూతి మీద అప్పుడే మొలిచిన నూనూగు మీసం,
గొరగమంటే ఏడ్చాడంట.
రష్యా పోలీసు ఒకడు గుమ్మంలో నిలబడి చూసి,
మాటలు అర్థం కాక
వేషాలు ఎన్నో రాసుకుని పోయాడు.
కొడుకుని పోగొట్టుకున్న రాణి
పుట్టిన ఊరి పేరు తలచిన చోట
జనం బస్తాల మీద లేచి నిలబడితే,
ఏదో మూట పిగిలి
గోధుమలు రాణి పాదాల దాకా జారి వచ్చాయంట.

"వాళ్ళకి అప్పటికి దేశమే లేదంటబ్బయ్యా,
నాటకం మాత్రం ఉన్నిందంట" అనేది అవ్వ.

బడిపంతులు కోనయ్య అది విని,
మా పుస్తకాల్లో తెరని యవనిక అంటాం,
అందులో ఉండేది మీ వాళ్ళ పేరేనేమో, అన్నాడు.
పండరి దొర ఆ మాట
లెక్కల పుస్తకం అట్ట వెనక రాసుకున్నాడు,
తప్పుగా.

మూడో రాత్రి మస్తానయ్య చీర మార్చుకోవడం ఆలస్యమైంది.
హాస్యగాడికి జ్వరం.
పండరి దొర చెప్పులు విప్పి పందిట్లోకొచ్చాడు.
తాత చెప్పిన పద్యమో, వట్టి మాటలో,
హార్మణీ ఆయన శ్రుతి వెతికాడు, దొరకలేదు, మానేశాడు.
ఒక పిల్లోడు కిసుక్కుమంటే వాళ్ళమ్మ నెత్తిన మొట్టింది.
అయిపోయింది.
ఒక్కరికీ ఒక్క ముక్క తెలియలేదు.
అప్పుడు వెనక, మేకల పక్కనించి,
ఎవరో అరిచారు: ఒన్స్ మోర్!

మళ్ళీ మొదలుపెట్టాడు.
రెండోసారి సగంలో మర్చిపోయాడు.
పంచె పట్టుకున్న ఇద్దరూ
దించాలో ఎత్తాలో తెలీక
అట్టనే నిలబడ్డారు,
చేతులు నొప్పి పుట్టేదాకా.

అందులో ఒక ముక్క అవ్వకి అంటుకుంది.
తలస్స, తలస్స.
పాలకేడ్చే మమ్మల్నందర్నీ దాంతోనే జోకొట్టింది.
అర్థమేందవ్వా అంటే,
"నన్నడుగుతావేం, ఒన్స్ మోరు కొట్టింది మీ తాత" అనేది.

తాతనడిగాను.
మేకల్ని తోలుకుంటా, తల తిప్పకుండానే అన్నాడు,
"ఆయన ఆపితే కాగడాలు ఆర్పేస్తారు గదా.
చలిగా ఉన్నింది."