అగ్గిపెట్టంత గడి

మే నెలాఖరు శుక్రవారం.
పిల్లలు వెళ్ళిపోయాక
మూడో తరగతి గదిలో, వాళ్ళ బెంచీల మీదే
మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నాం ఏడుగురం.
మొఖోట్లోంగ్ కొండల మీద అప్పుడే మంచు.
ఇనప పొయ్యిలో పిడకలు మండుతున్నాయి.
దుప్పట్లు కప్పుకుని, మందలో గొర్రెల్లా
నోటి నిండా పొగలు వదులుతున్నాం.

జిల్లా ఆఫీసు కాగితం తలా ఒకటి.
విద్యార్థి పేరు. అప్పటి మార్కులు. ఇప్పటి మార్కులు.
చివర్న అగ్గిపెట్టంత గడి:
'మీరు అనుసరించిన పద్ధతి.'

త్షెలిసో మొదలుపెట్టాడు,
ఎప్పుడూ అతనే మొదలుపెడతాడు.
లిమకాట్సో లెక్కల పీరియడ్‌లో నిద్రపోయేదట.
నిలబెట్టాడు. గోడవైపు తిప్పాడు.
నిలబడే నిద్రపోయింది.
ఓ రోజు గుర్రం తప్పిపోతే వెతుక్కుంటూ
తెల్లారకముందే ఊట దగ్గరికి వెళ్ళాడు.
బకెట్ల వరసలో పదకొండోది ఆ పిల్లది,
బకెట్ అంచు మీదే తల.
"లెక్కల్ని గంజి తర్వాతికి జరిపాను, అంతే.
పంతొమ్మిది నలభై మూడయింది."
కాసేపాగి,
"గోడవైపు తిప్పిన రోజుల్ని ఏ గడిలో రాయాలి?" అన్నాడు.
పొయ్యిలో పిడక విరిగింది.

ఖోపొత్సోది ఇంకా చిన్న కథ.
బెంచీ తిప్పింది.
కిటికీ ఎండ నల్లబల్ల మీద పడి
మూడో వరసకి అక్షరాలన్నీ ఒకటే మెరుపట.
"ఏడాదిన్నర మొద్దులన్నాను వాళ్ళని.
ఒక్కసారీ ఇక్కడ కూర్చుని చూళ్ళేదు."
అంటున్నప్పుడు ఆమె మూడో వరసలోనే ఉంది.

నా వంతు. పాకిసో.
పదమూడేళ్ళు. అందులో ఆరు
కొండమీది గొర్రెల కొట్టంలో గడిపి
రెండో తరగతిలో చేరినవాడు.
ఒక్క ఈలతో మందంతా మళ్ళించగలడు,
నా ముందు నోరు పెగలదు.
బుజ్జగించాను, మిఠాయి ఆశ పెట్టాను,
శిక్షణ తరగతుల్లో రాసుకున్నవన్నీ వాడాను.
వాడు నా బూట్ల వైపే చూసేవాడు.

మార్చిలో జలుబు చేసి నా గొంతు పూర్తిగా పోయింది.
సెలవు పెడితే బదులొచ్చే మనిషి లేరు.
బల్ల మీద రాస్తూ, చేత్తో చూపిస్తూ నెట్టుకొచ్చాను.
రెండో రోజు
నేను రాసిన వాక్యాన్ని వెనకనుంచి ఎవరో చదివారు.
బొంగురుగా,
ఏట్లో జారే రాళ్ళ మీద అడుగులు వేసినట్టు,
'న... ది... పొం... గి... తే... గుర్రం... దిగు.'
నేను తిరిగి చూడలేదు.
చూస్తే ఎగిరిపోయే పిట్టేదో వాలినట్టు
సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడ్డాను.
తర్వాత ఇంకో వాక్యం రాశాను.
నా మీద జాలిపడ్డాడేమో,
మాట రాకపోవడమంటే ఏమిటో
ఆ గదిలో వాడొక్కడికే తెలుసేమో.

ఐదో రోజు పొద్దున గొంతు తిరిగొచ్చింది.
ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు:
ఇంకో వారం రానట్టే నటించాను.
ఇంట్లో తలుపేసుకుని పిల్లితో మాట్లాడుకునేదాన్ని.

అందరూ నవ్వారు.
మాపులానె మేడమ్ కళ్ళద్దాలు తుడుచుకుంటూ
"మరి గడిలో ఏం రాశావు?" అంది.
"జలుబు."

నవ్వు సద్దుమణిగాక న్టాటే మొఖేతి.
రిటైరవడానికి ఇంకా రెండు నెలలు.
ఆయన కాగితం ఖాళీ.
"థెరిసో," అన్నాడు. ఒక్క పేరే.
మాకందరికీ తెలుసు.
ఆయన రెండుసార్లు కొండెక్కి పిలుచుకొచ్చినవాడు,
సొంత జీతంతో బూట్లు కొనిచ్చినవాడు.
మూడోసారి వెళ్ళేసరికి
కొట్టంలో బూట్లు మాత్రం ఉన్నాయి,
కడిగి, పక్కపక్కన పెట్టి.
పిల్లాడు సరిహద్దు దాటి గనులకో, ఎక్కడికో.
"నేనెక్కడ తప్పానో మీరైనా చెప్పండి."

ఎవరి దగ్గరా ఏమీ లేదు.
త్షెలిసో లేచి ఇంకో పిడక వేశాడు.
ఖోపొత్సో కెటిల్ ఎక్కించింది.
చీకటి పడింది. ఇళ్ళకి దారి జారుతుందని తెలిసీ
ఎవరూ కదల్లేదు.

"ఆ బూట్లు ఇంకా ఉన్నాయా?" అడిగాను.
"ఉన్నాయి."
"ఏ సైజు?"
ఆయన తలెత్తి నావైపు చూశాడు.

పాకిసో ఎడమ బూటుకి చిల్లు పడిందని
చెప్పాలో వద్దో తెలియక
గొంతు ఉండీ
కాసేపు ఊరుకున్నాను.