గడ్డి తినేది

తొమ్మిదింటికి షట్టరు సగం దించుతాను.
ఆ తర్వాత కాశీబుగ్గ బస్టాండు గోల
మోకాలెత్తు దాకానే లోపలికొస్తుంది.
జిరాక్సు మిషను ఇంకా వెచ్చగా ఉంటుంది,
చల్లారకుండా టీ గ్లాసులు దానిమీదే పెడతాం.

చెడిపోయిన ఫ్లెక్సీ ఒకటి తిరగేసి పరుస్తాను.
అటువైపు ఎవరిదో పుట్టినరోజు, దండం పెడుతూ.
ఇటువైపు మార్కరుతో నేను గీసిన రాజ్యం:
ఒక ఏరు, ఒక వంతెన,
అవతల ఇంకా పేరు పెట్టని కోట.
కథ నేను చెబుతాను. వాళ్ళు నడుస్తారు.

వీరులంతా జీడిపప్పులే.
కూర్మారావు ఫ్యాక్టరీలో గ్రేడింగు చేస్తాడు,
నూట ఎనభై నంబరు గుండు వాడి మాంత్రికుడు.
"ఎగుమతికి పోవలసినోడు గురూ, చెయ్యి తగల్నీకు."
దాలినాయుడి కత్తివీరుడు రెండొందల నలభై.
పుణ్యవతిది దొంగ పాత్ర.
పగలంతా పిల్లలకి సూదులేసే చేత్తో
కావాలనే ఒక వంకర గుండు ఏరుకుంది.
బద్దలూ ముక్కలూ కాల్బలం.
ఎవరు చచ్చినా
ఆ ఆటగాడే నమిలి మింగాలి, ఉప్పు లేకుండా.
ఇది నేను పెట్టిన నియమం, పుస్తకంలో లేదు.

కరువంతా రాక్షసులకే.
కొలతకి చేసిన అసలు బొమ్మలు తెప్పిద్దామంటే
ఒక్కోదానికి దాలినాయుడి ఆటో రెండ్రోజుల డీజిలు.
చివరికి వాడే తెచ్చాడు, కూతురి టిఫిన్ బుట్టలో.
రైలుగేటు దగ్గర ఏదైనా ముప్పై బండిమీద
ఒక్కొక్కటిగా కొన్న డైనోసార్లు, పదకొండు.
పొట్టకింద చైనా ముద్ర,
పెదవి దాటి పూసిన ఎర్రరంగు,
ఒకదాని తోకమీద పాలపళ్ళ గాట్లు.

జీడిపప్పు పక్కన నిలబెట్టి చూశాం.
కాసేపు ఎవరం మాట్లాడలేదు.
ఇన్నాళ్ళూ నేను గొంతు మార్చి ఎంత గర్జించినా రాని భయం
ఆ ముప్పై రూపాయల నీడలోంచి వచ్చేసింది.
ట్యూబులైటుకి మూడు కొమ్ములూ
వంతెన పొడుగునా పడ్డాయి.

ఆ రాత్రి వాన లేదు, కరెంటూ పోలేదు.
వంతెన దాటాలి, అంతే.
ఇరవై ముఖాల పాచికని దాలినాయుడు
పేకముక్కని ఊదినట్టు ఊది విసిరాడు.
పద్దెనిమిది.
"నరికీసాను!"
మెడమీద తగిలిందని చెబుతున్నాను,
నెత్తురు ఎలా చిందిందో మాటలు వెతుక్కుంటున్నాను,
షట్టరు కింద రెండు చిన్న చెప్పులు.

వంగి లోపలికొచ్చింది జస్విత.
అన్నానికి తండ్రిని పిలవబోయి
వంతెన మీదున్నదాన్ని చూసింది.

"అది గడ్డి తినీది నాన్నా.
మీకేటి చేసింది?"

నా దగ్గర ముప్పయ్యారు పేజీల నియమాలున్నాయి,
నేనే స్పైరలు వేసుకున్నవి.
తిరగేశాను.
కవచం ఎంతో ఉంది, ప్రాణం ఎంతో ఉంది,
చంపితే వచ్చే బంగారం ఎంతో ఉంది.
ఏం తింటుందో లేదు.

పుణ్యవతే ముందు కదిలింది.
"నా దొంగ కొడవలి తీసింది.
ఏటిగట్టుకెల్తంది."
పాచిక నాలుగు పడింది.
నాలుగంటే ఒక మోపు, అన్నాను.
మాంత్రికుడు మంత్రమేసి పచ్చిక మొలిపించాడు.
కత్తివీరుడు ఆ కత్తితోనే కోశాడు, సిగ్గుపడుతూ.
పదిన్నర దాకా గడ్డి కోశాం,
కోట ఊసు ఎవరూ ఎత్తలేదు.
జస్విత చిత్తుకాగితాలు చించి
పచ్చ స్కెచ్చి పూసి
ఒక్కో మోపూ నోటిదాకా అందించింది.

మెడమీద దెబ్బ మాటేమిటి?
పుణ్యవతి సంచిలోంచి దూది తీసింది.

లేవబోతూ కూర్మారావు
కోటగుమ్మం కాడున్న పెద్దపళ్ళదాన్ని చూపించాడు.
"ఇది మాత్రం మాంసం తినీదే కదా?"
పిల్ల చాలాసేపు ఆలోచించింది.
"దీంతో యుద్ధం చెయ్యొచ్చు.
కానీ ఇప్పుడు నిద్దరోతంది."
పదింటినీ బుట్టలో సర్దుకుంది,
దాన్ని మాత్రం ఉన్నచోటే ఉంచి
నా చేతిగుడ్డ కప్పి వెళ్ళింది.

పొద్దున్న షట్టరెత్తేసరికి
కాల్బలంలో ఒక బద్దని
చీమలు కోటలోకి మోసుకుపోతున్నాయి.
ఆధార్ కాపీకొచ్చిన పెద్దాయన
గుడ్డ కదిపి అదిరిపడ్డాడు.
"ఉండనీండి, లేపకండి," అన్నాను.
అని, కాగితం అద్దం మీద పెట్టి
ఒక పక్కేనా, రెండు పక్కలా అని అడిగాను.