అయిదున్నర బస్సుకు ముందు

రేపు పదకొండింటికి శ్రీకాకుళంలో
టైర్ల షోరూం మేడమీద
నన్నెవరో "మీ గురించి చెప్పండి" అంటారు.

రెండు రోజులుగా అదొక్కటే వల్లెవేస్తున్నాను.
నా పేరు ఉర్లాన కేదార్.
పర్లాకిమిడి. బీకామ్. సెకండ్ క్లాస్.
అక్కడితో నా గురించి అయిపోతోంది.

జవాబులన్నీ తెలుగులోనే రాసుకున్నాను,
ఒడియా అక్షరాలతో.
మా బడిలో నేర్పినవి అవే మరి.
తెలుగు నా నోటికి తెలుసు, కంటికి తెలీదు.
పాతపట్నం వెళ్ళే షేర్ ఆటోలో కూచుని
దుకాణాల బోర్డులు కూడబలుక్కుంటాను.
'కి-రా-ణా' తేలికే.
'శ్రీ' దగ్గర మాత్రం ప్రతిసారీ చిక్కుపడతాను,
అదేమో ప్రతి కొట్టుకీ ముందరే ఉంటుంది.

సర్టిఫికెట్లో నా ఇంటిపేరు వెనక్కి వెళ్ళింది.
హెడ్‌మాస్టారు పాణిగ్రాహి సారు పిలిస్తే
పేరు చివర గుండ్రంగా ఒక ఒకారం, కేదారొ!
మహేంద్రతనయ దాటగానే అది రాలిపోతుంది.
ఎక్కడ పడిందో వెతకను,
తిరుగు ఆటోలో ఎలాగూ దొరుకుతుంది.

కుట్టుమిషను ముందు కుర్చీ వేసుకుని
చెల్లి జయంతి మేనేజరైంది.
నాన్న కళ్ళజోడు పెట్టుకుంది.
"అయిదేళ్ళ తర్వాత మిమ్మల్ని మీరు ఎక్కడ చూసుకుంటారు?"
ఇంట్లో అద్దం ఒకటే, వంటింటి గోడకి,
అందులో కనబడేది గెడ్డం దాకానే.
"మీ బలహీనత?"
"తొందరగా కోపం వస్తుంది."
"అలా చెప్పీకూడదురా,
కష్టపడ్డం ఎక్కువని చెప్పాలి, ఫోన్లో చూశాను,"
అని మేనేజరు అట్టముక్కతో నెత్తిమీద కొట్టింది.
కోపం వచ్చింది.

నాన్న ఇదేం వినిపించుకోలేదు.
కాల్చిన గేదె కొమ్ము వాసనలో
చూరు కింద కూచుని ఆకురాయి పడుతున్నాడు.
కొంగలూ నెమళ్ళూ చేసే చెయ్యి,
కొనేవాళ్ళు రాని నెల.
మావయ్య కొడుకు చొక్కా నాకు సరిపోయింది గానీ
కాలరు నిలబడదు,
తడిసిన పిల్లి చెవుల్లా వాలిపోతుంది.
రాత్రి తొమ్మిదికి చూస్తే
ఆయన అరచేతిలో రెండు నల్లటి రేకులు,
గోరంత పలచన,
అంచుల్లో కొబ్బరినూనె మెరుపు.
కాలరు మడతలోకి వాటిని తోసి
"ఇంక తల దించకు, గుచ్చుకుంటాది" అన్నాడు.
నవ్వాడో లేదో తెలీదు, అప్పుడే కరెంటు పోయింది.

"జీతం ఎంత ఆశిస్తున్నారు?"
చీకట్లో జయంతి ఆఖరి ప్రశ్న.
ఫోను వెలుతురులో ప్యాంటు అంచు కుడుతున్న
అమ్మ సూది ఆగింది.
ఈ ఇంట్లో అప్పెంతో అందరం పైకే చెప్పుకుంటాం,
కావలసిందెంతో ఎప్పుడూ అనుకోలేదు.
"ఆళ్ళెంతిస్తే అంత," అన్నాడు నాన్న.
"ఇరవై," అంది జయంతి,
ఏదో సినిమా టికెట్టు రేటు చెప్పినట్టు.
ఎవరూ నవ్వలేదు.

నాకు అంకెలు ఒడియాలోనే వస్తాయి.
ఎక్కాలన్నీ అందులోనే దెబ్బలు తిని నేర్చాను.
పడుకుని లోపల్లోపల కూడాను,
బస్సు పాసు, గది అద్దెలో నా వాటా,
పొద్దుటి టిఫిను, ఇంటికి కొంత.
టిఫిను తీసేసి ఇంకోసారి కూడాను.
గోడకి తిరిగి మెల్లగా
"బారొ హజార్" అన్నాను,
ఎలా వినిపిస్తుందో చూద్దామని.

చాలాసేపయ్యాక,
నిద్రపోయిందనుకున్న అమ్మ,
సంతలో చింతపండు అమ్మే గొంతుతో,
"తెరొ అనరా.
ఆళ్ళు ఒకటి ఎలాగూ తగ్గిస్తారు."