మేకుకు తువ్వాల

రెండు నెలలకొక శుక్రవారం మాది.
ఈసారి పార్కు వద్దన్నాడు,
సాల్మియా రేవులో ఫైలకా దీవికి
రెండు టికెట్లు తీసినాడు.

పడవలో నాకు కడుపు తిప్పింది.
నిమ్మకాయ వాసన చూపిస్తా
నీళ్ళ ట్యాంకరు తోలే చేతుల్తో వీపు నిమిరినాడు.
"సముద్రాన్ని జూడొద్దు, నన్ను జూడు."
చూస్తే నవ్వొచ్చింది,
మీసానికి రంగేసుకోనొచ్చినాడు.

దీవిలో ఒంటెలు, ఎండ,
యుద్ధమప్పుడు జనం వదిలేసి పోయిన ఇండ్లు.
గోడల నిండా తూటాల బొక్కలు,
ఒక్కో బొక్కలోంచి బొట్టంత సముద్రం.

నీడకని ఒక ఇంట్లోకి దూరినాం.
నా చెయ్యి ఊరికే ఉండదు గదా,
అట్టముక్కతో ఇసక ఊడ్చినా.
మేడమ్ ఇంట్లో దినామూ ఆరు గదులు ఊడుస్తా.
ఈ గది మాత్రం ఎవురూ చెప్పలేదు.

మా ఓబులేసు తువ్వాల మేకుకు తగిలించి
"పొయ్యి యాడ పెడతావే?" అన్నాడు.
కిటికీ పక్క మూల చూపించినా.
"ఆడ గాలి కొడతాది."
"కొట్టనీ. గుడ్డ కడతా."
"గుడ్డ అంటుకుంటాది."
"నీకేం తెల్సు వంట సంగతి!"
పెండ్లయి పదకొండేండ్లు,
పొయ్యి కోసం కొట్లాడింది ఇదే మొదులు.

చిత్రాన్నం తిన్నాం.
చెనిక్కాయ పప్పులు ఏరి నా పక్కకు తోసినాడు.
ఆయన మోచెయ్యి మీద రెండు తలకాయలు పెట్టి
రవ్వంత సేపు కునుకు తీసినాం.

నాలుగింటి పడవ కూతేసింది. పరిగెత్తినాం.
సగం దూరమొచ్చినాక భుజం తడుముకున్నాడు.
"తువ్వాల మరిసినానే!"

ఉండనీలే, అన్నా.
ఇంట్లో మనిషున్నట్టు ఉంటాది.